కస్మిని వదిన చాలదు అన్న రోజు

సముద్రం ఒడ్డున మా సెగరాన్యార్ ఊళ్ళో ఇళ్ళకి నేల పెరుగుతుంది, కప్పు మాత్రం పెరగదు. సముద్రం రోజూ సాయంత్రం గుమ్మం దాటి లోపలికి వస్తుంది, పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఆ రాకపోకల్లో ఇల్లు కొంచెం కొంచెంగా దిగిపోతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా మట్టి తోలించి నేల ఎత్తు చేసుకుంటాం. అలా ఎత్తు చేసి ఎత్తు చేసి, ఒకప్పుడు మా అన్నయ్య తర్ముజి చెయ్యెత్తినా అందని దూలం ఇప్పుడు నా నెత్తికి తగులుతోంది. మా ఊళ్ళో ఎవరింటికి వెళ్ళాలన్నా వంగే వెళ్ళాలి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి వీళ్ళెంత మర్యాదస్తులో అనుకుంటారు. మర్యాదా పాడా, నడుం నొప్పి!

కస్మిని మా అన్నయ్య భార్య. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక వెదురు తడికే. అన్నయ్య పోయాక ఆవిడ పీతల షెడ్డులో పనికి కుదిరింది. ఉడికించిన పీతల్ని విరిచి, కండ చిట్లకుండా తీసి డబ్బాల్లో సర్దాలి. ఆ కండ ఎక్కడెక్కడి దేశాలకో పోతుందట. మా వదిన వేళ్ళకి మాత్రం గాట్లే మిగులుతాయి. ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆవిడ కళ్ళు ఒక్కసారి గట్టిగా మూసుకుని తెరుస్తుంది. అంతే, నోటి వెంట ఇంకేం రాదు.

వచ్చేది ఒకే ఒక్క మాట. చాలు.

కూలి సరిగ్గా ఇచ్చారా వదినా అంటే, అల్లా దయ, చాలు. దుప్పటి ఇంకోటి ఇవ్వనా అంటే, చాలు. ఒక ఏడాది గాలివానకి వంటింటి కప్పు సగం లేచిపోయింది. పైన చుక్కలు కనబడుతున్నాయి. మిగిలిన సగం వంక తృప్తిగా చూసి, "చాల్లే రొహ్మతున్, పొయ్యి తడవడం లేదుగా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైతే ఆ గాలిని, వానని, ఆ కప్పు వేసినవాణ్ణి, వాడి ఏడు తరాలని కలిపి తిట్టిపోసేదాన్ని. మా వాళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. ఉన్నది చాలదు అనడం ఇచ్చినవాణ్ణి తప్పు పట్టడం. అందులోనూ పరాయివాళ్ళ ముందు అనడం, వాళ్ళ నెత్తిన మన బరువు పెట్టడం. అందరం విన్నాం ఆ మాట. వదిన ఒక్కతే దాన్ని ఒంట పట్టించుకుంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, జుల్ఫా. ఇంట్లోకి నీళ్ళు వచ్చాక దీపం వెలుగు ఆ నీళ్ళ మీద పడి, అక్కణ్ణించి లేచి కప్పు మీద ఆడుతూ ఉంటుంది. పిల్ల మంచం మీద కాళ్ళు ముడుచుకుని, ఆ కదిలే వెలుగు కింద లెక్కలు చేసుకునేది. మంచం కింద చేపపిల్లలు తిరిగేవి. తడిక సందులోంచి చూస్తుంటే నాకు ఆ ఇల్లు నేల మీద ఉన్నట్టే అనిపించేది కాదు. ఎక్కడికో మెల్లగా తేలిపోతున్నట్టు, ఆ పిల్ల దాన్ని నడుపుతున్నట్టు ఉండేది.

నడిపింది కూడా. సెమరాంగ్ పట్నంలో సర్కారు కాలేజీలో లెక్కల డిగ్రీకి సీటు తెచ్చుకుంది. మా వీధిలో ఇంతవరకు ఎవరూ ఆ గేటు లోపలికి వెళ్ళలేదు, చేపలు అమ్మడానికి తప్ప. ఆ రోజు నేను ఏడ్చాను, సిగ్గేముంది, బోరున ఏడ్చాను.

కానీ సీటు వస్తే సరిపోతుందా? ఫీజు ఎవరు కడతారు, పట్నంలో తిండీ గదీ ఎవరు చూస్తారు? దానికి సర్కారు చదువు కార్డు ఒకటుంది. ఇంట్లో జరుగుబాటు లేని పిల్లలకి ఆ కార్డిస్తారు. ఫీజు సర్కారే నేరుగా కాలేజీకి కట్టేస్తుంది, బతకడానికి కొంత పిల్లల ఖాతాలో వేస్తుంది. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. మార్కులు నిలబెట్టుకుంటే చాలు, డిగ్రీ పూర్తయ్యేదాకా వస్తుంది. కార్డు వస్తే జుల్ఫా కాలేజీకి, రాకపోతే వాళ్ళమ్మ పక్కన పీతల షెడ్డుకి. మధ్యలో ఇంకో దారి లేదు. ఇచ్చేముందు కాలేజీ నుంచి ఒక మనిషి ఇంటికి వచ్చి చూసి వెళ్తాడు, నిజంగా లేనివాళ్ళో కాదో అని.

ఆ మనిషి రేపు పొద్దున్న వస్తున్నాడని కబురొచ్చింది. నేను సంతోషపడ్డాను. "రానీ వదినా! ఆ గోడలు చూస్తే చాలు, ఉప్పు పొంగి పెచ్చులూడి ఎలా ఉన్నాయో! అక్కణ్ణించే సంతకం పెట్టి పోతాడు" అన్నాను.

వదిన నా వంక వింతగా చూసింది. "ఇంటికి చుట్టం వస్తుంటే గోడలు చూపిస్తావా? కూర్చోడానికి ఏం వేస్తావు?"

"చుట్టం కాదు తల్లీ, తనిఖీకి వస్తున్నాడు!"

"గుమ్మం తొక్కితే చుట్టమే."

ఇక ఆవిడ ఆగితేనా? ఆ సాయంత్రం పోటు వచ్చి వీధి నిండాక, నా పడవ తియ్యమంది. మా ఊళ్ళో మంచి సోఫా ఒక్కటే ఉంది, హాజీగారి ఇంట్లో. ఎర్ర మఖమలు, జరీ అంచు. కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు. హాజీగారి భార్య ముస్తియా సోఫా ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ ఒంటరిగా పంపడానికి ఒప్పుకోలేదు. పడవలో అడ్డంగా సోఫా ఎక్కించాక, తనూ ఎక్కి దాని మీద కూర్చుంది, గొడుగు వేసుకుని.

నేను గెడ వేస్తున్నాను. పొద్దు వాలుతోంది. నీళ్ళన్నీ రాగి చెంబు తోమినట్టున్నాయి. అటూ ఇటూ ఇళ్ళ కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు. మసీదు నుంచి పిలుపు నీళ్ళ మీదుగా సాగి వస్తోంది. ఆ మధ్యలో ఎర్ర సోఫా, దాని మీద ముస్తియా, కాళ్ళ దగ్గర బంగారు అంచు కప్పుల బుట్ట, ఒళ్ళో గోడ గడియారం.

"ఏం ముస్తియా, మళ్ళీ పెళ్ళా?" అని ఎవరో కేకేశారు.

"మీ మొహాలకి పెళ్ళి చూసే అదృష్టం కూడానా!" అందావిడ కదలకుండా.

నాకు నవ్వాగలేదు. తనిఖీకి వచ్చేవాడు ఈ సోఫా చూసి ఏమనుకుంటాడో అని దిగులు మాత్రం ఉంది. వదిన పడవ చివర నిలబడి, సోఫాకి నీళ్ళు చిమ్మకుండా తన తలగుడ్డ విప్పి అడ్డం పట్టింది. ముఖం వెలిగిపోతోంది. కూతురి చదువు కోసం వచ్చే మనిషికి మంచి ఆసనం దొరికిందని ఆవిడ ఆనందం. అలాంటి మనిషిని ఏమని తిడతాను? తిట్టాననుకోండి, కానీ లోలోపల.

బడి నుంచి కాగితాలు తెచ్చుకుని ఇంటికి వచ్చిన జుల్ఫా గుమ్మంలోనే ఆగిపోయింది. పెచ్చులూడిన గోడకి పువ్వుల పరదా, దాని మీద గడియారం, కింద సోఫా. "అత్తా, నేను సరైన ఇంటికే వచ్చానా?" అంది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇవన్నీ చూస్తే మనం ఉన్నవాళ్ళం అనుకుంటారే" అంది మెల్లగా.

"అనుకుంటే అనుకోనీ. చదువుకున్న మనిషిని తడి నేల మీద కూర్చోబెట్టనా? ముందు ఆ కప్పులు కడుగు."

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. తల్లి పెంపకం కదా.

పొద్దున్న వచ్చాడు. పేరు ప్రసోజో, కుర్రవాడే, కొండ ప్రాంతం వాడట. సముద్రం కూడా ఆ రోజు మాకు ద్రోహం చేసింది, ముందే వెనక్కి తగ్గి వీధంతా ఆరబెట్టి పోయింది. అతను వంగి లోపలికి వచ్చి, తల దూలానికి కొట్టుకుని, నొప్పి దాచుకుంటూ నవ్వాడు. సోఫాలో కూర్చుంటే ప్లాస్టిక్ కిర్రుమంది. వదిన పీతల వేపుడు, వేడి అరటి బజ్జీలు, తియ్యటి టీ వరసగా తెచ్చి పెట్టింది. నేనూ ముస్తియా వంటింట్లో తడిక వెనక నక్కాం.

"సోఫా బాగుందమ్మా" అన్నాడు అతను.

"హాయిగా కూర్చోండి బాబూ, మీ ఇల్లే అనుకోండి" అంది వదిన.

"నా సోఫా!" అని ముస్తియా బుసకొట్టింది. నేను చేత్తో ఆవిడ నోరు మూశాను.

అతను ఫోటోలు తీసుకున్నాడు. ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు అని అడిగాడు. తర్వాత, "వచ్చేదాంతో ఇల్లు గడవడానికి ఇబ్బందేమైనా ఉందామ్మా?" అన్నాడు. నేను మనసులోనే వేడుకున్నాను. చెప్పు వదినా, చెప్పవే తల్లీ.

"అల్లా దయ బాబూ. చాలు."

"అంటే సరిపోతోందా?"

"చాలు."

జుల్ఫా ఏదో అనబోయింది. వాళ్ళమ్మ ఒక్క చూపు చూసింది, పిల్ల తల దించుకుంది. ప్రసోజో రాసుకున్నాడు. బజ్జీలు చాలా బాగున్నాయన్నాడు. పాపం, నిజంగానే బాగున్నాయి. వెళ్ళేటప్పుడు వదిన మిగిలినవి పొట్లం కట్టి చేతిలో పెట్టింది. అతను దూరం వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడి, "మంచి కుర్రాడు. కడుపునిండా తిన్నాడు" అంది.

వారం తిరక్కుండా జాబితా వచ్చింది. జుల్ఫా పేరు లేదు. ఎందుకు లేదో పక్కనే రాసి ఉంది. ఇంటికి జరుగుబాటు ఉంది, అని.

పిల్ల ఫోను మూసేసి, కాసేపు గుమ్మంలో నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. అదే నాకు భరించరానిదైంది. చివరికి లేచి, "అమ్మా, షెడ్డులో మేస్త్రితో మాట్లాడు. నేనూ వస్తాను. ఇద్దరం చేస్తే త్వరగా అవుతుంది" అంది, ఏదో గిన్నెలు తోమడం గురించి చెప్పినట్టు.

వదిన తన చేతులు చూసుకుంది. ఆ గాట్లని, ఉప్పుకి తెల్లబడిన వేళ్ళని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని, దాన్నీ అలాగే తిప్పి చూసింది. నున్నగా, సిరా మరకతో ఉంది.

"రొహ్మతున్," అంది నన్ను చూడకుండా, "ఆ కాలేజీ ఎక్కడ?"

అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈ వారంలో వచ్చి చెప్పుకోవచ్చని జాబితా కిందే ఉంది. మర్నాడు తెల్లవారుజామునే, పోటు ఇంకా దిగకముందే బయల్దేరాం. మంచు నీళ్ళ మీద పరుచుకుని ఉంది. ఒకప్పటి బస్సు రోడ్డు మా పడవ కిందే ఉంది, కరెంటు స్తంభాలు మాత్రం నీళ్ళలోంచి వరసగా లేచి దారి చూపిస్తున్నాయి. మడ చెట్ల మీద కొంగలు నిద్ర లేవలేదు. గెడ నీళ్ళలో దిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. మేం ముగ్గురం ఇంకా నిద్రలోనే ఉండి, ఒకే కలలో వెళ్తున్నామా అనిపించింది నాకు.

"అక్కడికెళ్ళి ఏం చెప్పాలో తెలుసుగా?" అన్నాను.

"ఊఁ."

"ఏదీ అను. చాలదు."

"చా..."

"లదు."

"చాలు... తుంది."

"నీ దుంపతెగ! చాలుతుంది అనడానికా ఇంత పొద్దున్నే పడవ ఎక్కావు?"

జుల్ఫా ఫక్కున నవ్వింది. జాబితా వచ్చాక అదే మొదటి నవ్వు. వదిన కూడా నవ్వి, పక్కకి తిరిగి, మంచులోకి చూస్తూ పెదాలు కదిపింది. బయటికి మాట రాలేదు. ఒడ్డున దిగి బస్సు ఎక్కాక కిటికీ అద్దానికి తల ఆనించి మళ్ళీ ప్రయత్నించింది. అద్దం మీద ఆవిరి చేరింది గానీ మాట చేరలేదు.

ఆఫీసులో ప్రసోజోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగి వేశాడు, మంచినీళ్ళ సీసా ఇచ్చాడు, ఎవరి మీటింగులోనో మిగిలిన పలహారం డబ్బా తెచ్చి వదిన ముందు పెట్టాడు. ఇక ఈవిడ చచ్చినా నోరు విప్పదు అనుకున్నాను, మర్యాద చేసినవాడి ముందు లేమి ఎలా విప్పుతుంది?

అతను కంప్యూటర్ తిప్పి ఫోటో చూపించాడు. "అమ్మా, ఈ సోఫా, ఈ గడియారం..."

"అవి హాజీగారి ఇంటివి బాబూ. మీరొస్తున్నారని తెచ్చాం."

"నా కోసమా?"

"నేల తడిగా ఉంటుంది కదా."

అతను ఆ ఫోటో వంక, ఆవిడ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, "మరి ఇబ్బందేమైనా ఉందా అని అడిగితే చాలు అన్నారు కదమ్మా. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. చాలుతోందా?" అన్నాడు.

వదిన కుర్చీ అంచున కూర్చుని ఉంది. కూతుర్ని చూసింది. చాలాసేపు చూసింది.

"చాలదు" అంది.

ఎంత చిన్నగా అందంటే, అతను ముందుకి వంగి, "ఏమన్నారమ్మా?" అన్నాడు.

"చాలదు బాబూ. ఎప్పుడూ చాల్లేదు." ఆ మాట ఎక్కడ ఇరుక్కుని ఉందో గానీ, అది ఊడి రాగానే దాని వెనకవన్నీ వచ్చేశాయి. "పీతలు వచ్చిన రోజే కూలి. వానాకాలం అంతా రావు. మా ఆయన పోయిన ఏడాది నేల ఎత్తు చెయ్యడానికి మట్టి చాల్లేదు, ఇంటి వెనక వైపు అలాగే వదిలేశాను, అది ఇప్పుడు సముద్రమే. బియ్యం చాలేది కాదు. రాత్రికి ఒక్క మనిషికే అయ్యేది అన్నం. ఈ పిల్ల బడి నుంచి వచ్చేలోపల నేను నా కంచం కడిగి తడిగా బోర్లించేదాన్ని. తడి కంచం చూస్తే అమ్మ తినేసింది అనుకుంటుంది కదా. లేకపోతే సగం నాకు పెట్టేది, ఎదిగే పిల్ల..."

"అమ్మా" అంది జుల్ఫా.

"ఉండు. ఇప్పుడాపితే మళ్ళీ చెప్పలేను." ఆవిడ చెప్పుకుంటూనే పోయింది. గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఏదో ఒక దేశంలో ఏదో ఒక ఆడమనిషి కథ చెబుతున్నట్టు, ఎక్కడో దూరంగా చూస్తూ చెప్పింది. ప్రసోజో రాసుకోవడం ఎప్పుడో ఆపేశాడు. జుల్ఫా వాళ్ళమ్మ ముఖం తప్ప ఇంకేం చూడటం లేదు. ఆ తడి కంచాలన్నీ ఒక్కొక్కటే ఆ పిల్ల కళ్ళ ముందుకి వస్తున్నాయని నాకు తెలుస్తోంది. తడికకి ఇవతల ఇన్నేళ్ళున్నాను, నాకూ తెలియనివ్వలేదు ఆ మొండిది! ఆ ఆఫీసులో కూర్చుని ఎవరిని తిట్టాలో తెలియక పలహారం డబ్బా మూత తీసి మూశాను.

అన్నీ అయ్యాక వదిన, "మీకు బరువు పెట్టాను, ఏమీ అనుకోకండి బాబూ" అంది.

"మళ్ళీ ఒకసారి వస్తానమ్మా," అన్నాడు అతను. "ఎప్పుడొస్తానో మాత్రం చెప్పను."

ఒక సాయంత్రం పోటు నిండుగా ఉన్నప్పుడు వచ్చాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, బూట్లు చేత్తో పట్టుకుని. ఈసారి తల కొట్టుకోలేదు. నీళ్ళలో నిలబడి గోడ మీది ఉప్పు గీతలకి, ఇంటి వెనక లేని గదికి ఫోటోలు తీశాడు. కుర్చీ లేదు కాబట్టి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వదిన మామూలు గ్లాసులో టీ ఇచ్చింది. కప్పు మీద ఆడే వెలుగు చూస్తూ తాగాడు.

తర్వాత వచ్చిన జాబితాలో జుల్ఫా పేరు ఉంది. నేను వీధంతా వినబడేలా అరిచాను. ముస్తియా కిటికీలోంచి తొంగిచూసి, "నా సోఫా వల్లే!" అంది. దాని మొహం!

జుల్ఫా హాస్టల్‌కి వెళ్ళే రోజు తెల్లవారుజామున పడవ గుమ్మానికే తెచ్చి కట్టాను. పెట్టె ఎక్కించాం. నీళ్ళు అప్పటికే దిగడం మొదలైంది, గోడ మీద నీళ్ళకి పైన తడి గీత కనబడుతోంది.

"రావే, ఆలస్యం చేస్తే బురదలో కూరుకుపోతాం!" అని కేకేశాను.

పిల్ల రాలేదు. లోపలికి వంగి చూస్తే మంచం మీద వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. వదిన ఒళ్ళో కంచం, దాని నిండా అన్నం, వేయించిన చేప, మిరప పచ్చడి.

"నువ్వు వెళ్ళవే. నేను తర్వాత తింటాను" అంటోంది వదిన.

"ఇప్పుడే తిను."

"ఆకలి లేదే తల్లీ."

"ఉంది. నువ్వు తినడం నేను చూడాలి."

వదిన ఒక ముద్ద పెట్టుకుంది. పిల్ల కదల్లేదు. ఇంకో ముద్ద. బయట నీళ్ళు దిగిపోతున్నాయి, పడవ అడుగు నేలకి రాసుకుంటోంది. ఇంకొంచెంసేపు ఆగితే మేం ముగ్గురం బురదలో దిగి తోసుకోవాల్సిందే. నా నోరు ఊరుకునే నోరు కాదు, అయినా ఊరుకున్నాను. సగం తిన్నాక వదినకి ఏడుపొచ్చింది, నములుతూనే ఏడ్చింది. జుల్ఫా చేత్తో వాళ్ళమ్మ కళ్ళు తుడిచి, చేప ముల్లు తీసి కండ అన్నంలో కలిపి, మళ్ళీ ఎదురుగా కూర్చుని చూసింది. కంచంలో మెతుకు మిగలకుండా వాళ్ళమ్మ తిన్నాక గానీ ఆ పిల్ల మంచం దిగలేదు.